పైపూత కింది తడి

2025 ఆగస్టు నెలలో ఒక వేకువజాము. ఫజ్ర్ నమాజు ముగించుకొని మసీదు నుండి ఇంటికి వస్తున్నాము. వాకిలి తలుపు మీద చేయి వేశామో లేదో, లోపల ఏదో కూలిన చప్పుడు వినిపించింది. హాలులోకి వెళ్ళి చూస్తే నేలంతా కప్పు నుండి ఊడిన పెచ్చులు. దుమ్ము ఇంకా గాలిలోనే ఉంది. అన్నిటికన్నా పెద్ద ముక్క మా మనవరాలి పరుపు మీద, తలగడకు జానెడు దూరంలో పడి ఉంది. మా అమ్మాయి కాన్పుకు వచ్చి ఉన్నందున ఆ అయిదేళ్ళ పిల్ల కూడా మా వద్దే ఉంటున్నది. పది నిమిషాల ముందే దాహమని లేచి, నానీ కొంగు పట్టుకొని వంటగదిలోకి వెళ్ళిందట.

మా శ్రీమతి ఆ బిడ్డను గుండెకు హత్తుకొని గుమ్మంలోనే నిలబడిపోయింది. "అల్‌హందులిల్లాహ్" అన్న మాట తప్ప మా ఇద్దరి నోటా మరేమీ రాలేదు. కాస్త తేరుకొన్నాక ఆ ముక్కను చేతిలోకి తీసుకున్నాము. రెండు కిలోలు ఉంటుంది. ఒకవైపు తెల్లగా, చిన్నచిన్న అలలు తేలినట్లు అందమైన గరుకు పని. తిప్పి చూస్తే రెండోవైపు ఎర్రని తుప్పు మరక, వేలికి అంటే తడి.

ఆ గరుకు పని మేము కోరి చేయించుకున్నదే. ఎందుకు చేయించుకున్నామో మాకు తెలుసు. ఆ తడి ఎక్కడిదో మాత్రం తెలియదు. తెలుసునని అనుకున్నాము. ఆ పొరపాటు ఒక నిర్దోషిని మా చేత దోషిగా నిలబెట్టించింది. ఇంటి కప్పు బాగుచేయించుకున్న ఈ ముచ్చట పాఠకుల ముందు పెట్టడానికి కారణం అదే.

మేము ఉండేది చీరాలలో. 1999లో కింది ఇల్లు కట్టుకున్నాము. 2007లో దానిమీద వెనుక సగభాగంలో రెండు గదులు, ఒక స్నానాలగది వేసి అద్దెకు ఇస్తూ వచ్చాము. ముందు సగం ఖాళీ డాబా. మా హాలు సరిగ్గా ఆ డాబా కిందికి వస్తుంది. మదరసాలో పాఠాలు ముగిశాక సాయంత్రం వేళ వీధిలోని పిల్లలకు ఖుర్‌ఆన్ చెప్పడం మాకు మొదటినుండీ అలవాటు. డాబా మీద రేకుల పందిరి వేయించి, వజూ చేసుకోవడానికి గోడవారగా మూడు కొళాయిలు పెట్టించాము. రోజుకు ఇరవై మంది పిల్లలు.

2012 ప్రాంతంలో హాలు కప్పు మీద రొట్టె అంత మరక ఒకటి కనిపించింది. సున్నం వేయిస్తే పోయింది, వానాకాలం రాగానే మళ్ళీ వచ్చింది. 2014లో మా అమ్మాయికి మంచి సంబంధం వచ్చింది. వారు ఆదివారం ఇంటికి వస్తారనగా, బుధవారం నాడు రంగులు వేసే అతణ్ణి పిలిపించాము. అతడు మరకను చూసి, "మామూలు రంగు వేస్తే నాలుగు రోజుల్లో మళ్ళీ తేలుతుందండీ. సీలింగంతా టెక్స్చర్ కొట్టేద్దాం. గరుకులో మచ్చ కలిసిపోతుంది, ఫ్యాషన్‌గానూ ఉంటుంది" అన్నాడు. మాకు ఆ సలహా నచ్చింది. చిక్కని ముద్దను తాపీతో పట్టించి, దానిమీద స్పాంజి అద్ది లాగాడు. ముద్ద ముళ్ళుముళ్ళుగా లేచింది, ఆరీ ఆరకముందే వాటి కొనలను రేకుతో అణిచాడు. శనివారం సాయంత్రానికి హాలు పెళ్ళివారి షామియానాలా మెరిసిపోయింది. వచ్చినవారు కప్పు చూసి మెచ్చుకున్నారు. మేము సంతోషించాము. ఆ సంతోషంలో కొంత భాగం మచ్చ కనిపించనందుకేనని ఈనాడు ఒప్పుకుంటున్నాము.

2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల సమీపంలో తీరం దాటింది. దాని వానకు మా హాలు కప్పు మీద గరుకు పని పచ్చబడి, ఒకచోట బుడగలా ఉబ్బింది. అప్పుడు పైన అద్దెకు ఉన్నది బట్టల దుకాణంలో గుమాస్తాగా పనిచేసే ఒక హైందవ సోదరుడు, ఆయన భార్య, ఇద్దరు మగపిల్లలు. మరక ఉన్న చోటు వారి స్నానాలగది గోడకు నాలుగడుగుల దూరం. మాకు మరో ఆలోచన రాలేదు. "మీరు నీళ్ళు ఇష్టమొచ్చినట్లు పారబోస్తున్నారు, మా ఇల్లు పాడైపోతోంది" అని మెట్ల మీద నిలబడి, ఆయన పిల్లల ఎదుటే గట్టిగా అన్నాము. ఆయన నెమ్మదిగా, "డాబా మీద కొళాయిల దగ్గర నీళ్ళు నిలుస్తున్నాయి మౌల్వీ గారూ, ఒకసారి అదీ చూడండి" అన్నాడు. "అవి వజూ నీళ్ళు. వాటివల్ల ఏమవుతుంది?" అని మేము మాట కొట్టివేశాము. ఫిబ్రవరిలో ఆయన ఇల్లు ఖాళీ చేశాడు. 20,000 రూపాయల అడ్వాన్సులో 6,000 మరమ్మతు కింద పట్టుకొని మిగతాది చేతిలో పెట్టాము. ఆయన లెక్క చూసుకొని, ఒక్క మాట అనకుండా వెళ్ళిపోయాడు. ఆ మౌనాన్ని మేము నేరం ఒప్పుకోవడంగా లెక్కగట్టుకున్నాము.

పట్టుకున్న సొమ్ముతో మరమ్మతు చేయించామా అంటే, అదీ లేదు. ఉబ్బిన చోట గీకించి, మళ్ళీ అదే ముద్ద పూయించాము.

పెచ్చులు ఊడిన నాడు మధ్యాహ్నానికి మేస్త్రి వచ్చాడు. యాభై దాటిన మనిషి, పనిలో మాట తక్కువ. ముందుగా హాలులోని కరెంటు మెయిన్ ఆపించాడు. స్లాబులో వెళ్ళే తీగల గొట్టంలోకి నీరు దిగి ఉంటే ప్రాణాపాయమని చెప్పాడు. తర్వాత నిచ్చెన ఎక్కి, సుత్తి పిడితో కప్పును అంగుళం అంగుళం తట్టుకుంటూ పోయాడు. గట్టిగా ఉన్నచోట కణకణమనే శబ్దం, లోపల విడిపోయిన చోట డొల్ల శబ్దం. డొల్లగా పలికిన మేర సుద్దముక్కతో గీత గీస్తూ వచ్చాడు. మేము చేటంత ఉంటుందనుకున్నది మంచమంత తేలింది. పైకి చూస్తే అందులో ముప్పాతిక భాగం చెక్కుచెదరకుండా, అందంగానే ఉంది.

"ఇంత పాడైతే ముందే తెలియాలి గదా మేస్త్రీ?" అని అడిగాము.

"మామూలు పూతైతే నెర్రె కనపడేది మౌల్వీ గారూ. ఈ గరుకు దాన్ని కనపడనివ్వలేదు" అన్నాడు.

ఇనుము ఎందుకు తుప్పు పడుతుందో ఆయన తన మాటల్లో చెప్పగా, మా పూర్వ విద్యార్థి అయిన ఒక సివిల్ ఇంజనీరు వచ్చి వివరంగా బోధించాడు. ఆనాడు మేము శిష్యులము, ఆ అబ్బాయి ఉస్తాద్. సిమెంటు కాంక్రీటుకు సహజంగా క్షారగుణం ఉంటుంది. లోపలి చువ్వలకు అదే కవచం. ఏళ్ళు గడిచేకొద్దీ గాలిలోని బొగ్గుపులుసు వాయువు లోనికి చేరి ఆ గుణాన్ని తగ్గిస్తుంది. తేమ, ఉప్పు తోడైతే ఆ నాశనం వేగం పుంజుకుంటుంది. మాది సముద్రానికి చేరువలోని ఊరు, వాడరేవు వైపు నుండి వచ్చేది ఉప్పుగాలి. తుప్పు తాను పుట్టిన ఇనుము కన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి కింది కాంక్రీటు పగిలి పెచ్చులుగా రాలుతుంది. స్లాబులో చువ్వ కింద కనీసం 20 మిల్లీమీటర్ల మందం కాంక్రీటు ఉండాలట. మా ఇంట్లో కొన్నిచోట్ల అది గోరంత కూడా లేదు. కట్టేనాడు చువ్వల కింద పెట్టవలసిన సిమెంటు బిళ్ళలు పెట్టారో లేదో మేము చూసుకోలేదు.

"ముందు కింద పని మొదలుపెడతావా?" అని మేస్త్రిని అడిగాము. ఆయన తల అడ్డంగా ఊపాడు. "రోగం పైన ఉంచుకొని కింద మందు రాస్తే ఏం లాభం? నీళ్ళెక్కణ్ణుంచి వస్తున్నాయో ముందు అది తేల్చాలి."

పైవాటా అప్పటికి ఖాళీగానే ఉంది. స్నానాలగది తూము బిగించి, నేల మీద నాలుగంగుళాల నీరు నిలబెట్టి, అందులో బట్టలకు పెట్టే నీలం కలిపాడు. రెండు రోజులు చూశాము. కింద ఒక్క చుక్క లేదు, నిలబెట్టిన నీరు ఒక వేలెడైనా తగ్గలేదు. మూడో రోజు ఆయన డాబా మీదికి వెళ్ళి, కొళాయిల దగ్గర ఒక బకెట్టు నీళ్ళు కుమ్మరించి, మమ్మల్ని పిలిచాడు.

"చూడండి."

నీరు పిట్టగోడ వైపు తూముకు పోవాలి. పోలేదు. వెనక్కి తిరిగి, కొళాయిల గోడ మొదట్లోకి వచ్చి నిలిచింది. నేల వాటం తప్పింది. గోడా నేలా కలిసేచోట వెంట్రుకలాంటి నెర్రె ఒకటి ఉంది. నిలిచిన నీటిలో అక్కడే నీలం కలిపాము. మర్నాడు మధ్యాహ్నం, జుహ్ర్‌కు బయలుదేరబోతూ హాలులో తలెత్తి చూస్తే, చెక్కిన కాంక్రీటు మధ్య నుండి లేత నీలిరంగు చుక్క ఒకటి వేలాడుతోంది. మేము చూస్తుండగానే అది రాలి నేలమీద పడింది.

ఆ చుక్కను చూసి మేము ఎంతసేపు నిలబడిపోయామో చెప్పలేము. ఇరవై ఏడు సంవత్సరాలుగా మదరసాలో ఫిఖ్‌హ్ గ్రంథం మొదటి అధ్యాయం మేమే చెబుతున్నాము. అది శుచీశుభ్రతల అధ్యాయం. ఏ నీటితో వజూ చెల్లుతుంది, ఏ నీటితో చెల్లదు, మోచేతులు ఎంతవరకు తడవాలి, నీటి దుబారా ఎందుకు తగదు అనేవన్నీ కంఠతా వచ్చు. మోచేతి నుండి జారిన నీరు ఆ తర్వాత ఎక్కడికి పోతుందో మాత్రం ఒక్కనాడూ వంగి చూడలేదు. చూసి చెప్పిన మనిషి నోరు మూయించాము.

హదీసు పాఠాల్లో మేము ఏటేటా చెప్పే ఒక సంఘటన ఆనాడు కొత్తగా గుర్తుకు వచ్చింది. సహీహ్ ముస్లింలో అబూ హురైరా (రజి) ఉల్లేఖించినది. మహాప్రవక్త (స) బజారులో ధాన్యపు రాశి ఒకటి చూసి అందులోకి చేయి దూర్చారు. పైన పొడిగా ఉన్న రాశి లోపల తడి వేళ్ళకు తగిలింది. వర్షానికి తడిసిందని వర్తకుడు చెప్పుకున్నాడు. తడిసిన ధాన్యాన్ని జనానికి కనబడేలా పైన ఉంచవలసిందని ప్రవక్త (స) ఆయనను మందలించారు, మోసగించేవారితో తమకు సంబంధం లేదని హెచ్చరించారు. వర్షం కురవడం ఆ వర్తకుని తప్పు కాదు. తడిని కిందికి, పొడిని పైకి చేర్చడం అతని తప్పు. ఈ తేడాను విద్యార్థులకు ఎన్నిసార్లు విడమరచి చెప్పామో లెక్కలేదు. 2014లో మా హాలు కప్పు మీద మేము చేసింది మరేమిటి? మరక పడడం మా తప్పు కాకపోవచ్చు. దాన్ని చూసి ఇంటి మీదికి ఎక్కి కారణం వెతకవలసింది పోయి, అందమైన ముద్ద పూయించాము. కప్పు ఉన్నది ఇంటిని కాపాడడానికి. మేము కప్పు లోపాన్నే కప్పిపుచ్చాము.

ఇక పని సంగతి. ఇలాంటి కప్పులు మన ఇళ్ళల్లో చాలా ఉన్నాయి కనుక, పని జరిగిన క్రమాన్ని వివరిస్తున్నాము.

మొదట డాబా. కొళాయిల దగ్గరి పలకలు ఊడదీస్తే, కింది సిమెంటు తడిసిన బెల్లంలా చేతికి ఊడి వచ్చింది. దాన్నంతా తీసివేసి, నెర్రెను ఉలితో వెడల్పు చేసి శుభ్రపరచి, కుదించుకుపోని మసాలాతో నింపారు. పది అడుగులకు అంగుళంన్నర వాటం వచ్చేలా నేల మళ్ళీ వేశారు. గోడా నేలా కలిసే మూలను గుండ్రంగా పూశారు. దానిమీద నీరు దిగకుండా ఆపే పూత రెండుసార్లు, ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా వేశారు. ఆరిన తర్వాత రెండు రోజులు నీరు నిలబెట్టి చూశారు. కింద తడి లేదని తేలిన తర్వాతే మేస్త్రి హాలులోకి అడుగుపెట్టాడు.

హాలులో సామానంతా వెనుక గదిలోకి చేర్చాము. సరుగుడు గుంజలు పోటీ పెట్టి స్లాబుకు ఆసరా ఇచ్చారు. సుద్దగీత లోపలి భాగమంతా గట్టి కాంక్రీటు తగిలేదాకా చెక్కారు. చువ్వ సగం కనబడితే చాలదట. దాని వెనుక వేలు దూరేంత సందు రావాలి, అప్పుడే కొత్త మసాలా చువ్వను చుట్టూ పట్టుకుంటుంది. తుప్పును వైరు బ్రష్షుతో మెరుపు వచ్చేదాకా గీకారు. 8 మిల్లీమీటర్ల చువ్వల్లో రెండు సగానికి సగం తిని ఉన్నాయి. వాటి పక్కన కొత్త చువ్వలు వేసి కట్టారు. ఎన్ని చువ్వలు, ఎంత పొడవు అన్నది ఇంజనీరు అబ్బాయి చూసి చెప్పాడు. ఆ లెక్క ఊహతో వేసుకొనేది కాదు. తర్వాత చువ్వలకు తుప్పు నిరోధక పూత, పాత కాంక్రీటుకు అతుకు పట్టించే పూత వేసి, పాలిమర్ కలిసిన మరమ్మతు మసాలాను పొరలు పొరలుగా ఎక్కించారు. ఒకేసారి మందంగా పెడితే బరువుకు జారిపోతుంది. వారం రోజులు పొద్దునా సాయంత్రమూ మేమే నీళ్ళు చిలకరించి తడిపాము. మూడు వారాలు ఆరనిచ్చాము.

ఖర్చు 40,000 దాటింది. మదరసా జీతంలో అది మూడు నెలల మాట. మా శ్రీమతి తన చీటీ డబ్బు తెచ్చి చేతిలో పెట్టింది. "మరి ఆ ఆరు వేలు ఎప్పుడిస్తారు?" అని అడిగింది. మేము చెప్పకుండానే ఆమె కూడా ఆ నీలి చుక్క చూసింది.

దాసులు దైవం పట్ల చేసిన తప్పులను దైవం తలిస్తే క్షమిస్తాడు. దాసుల హక్కులు దాసులే క్షమించాలి. ఇది కూడా మేము పాఠంగా చెప్పేదే. అయినా పేరాలలో ఆ సోదరుని ఇంటి గుమ్మం దాకా వెళ్ళడానికి మాకు పన్నెండు రోజులు పట్టింది. రోజూ ఏదో పని అడ్డం వచ్చేది. పని కాదు, ముఖం చెల్లకపోవడం. గడ్డం నెరసిన మౌల్వీ ఒక గుమాస్తా ఎదుట ఏమని నోరు విప్పాలి?

ఒక సాయంత్రం వెళ్ళాము. ఆయన అప్పుడే దుకాణం నుండి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. కంగారుగా కుర్చీ వేశాడు. మేము కూర్చోకుండానే జరిగినది జరిగినట్లు చెప్పి, 6,000 రూపాయలున్న కవరు అందించాము. ఆయన కొంతసేపు దాన్ని అందుకోలేదు.

"ఆ స్నానాలగది నేను రెండుసార్లు బాగుచేయించాను మౌల్వీ గారూ, మీకు చెప్పకుండా. మీరు అంటున్నారంటే నిజంగా మాదే తప్పేమోనని. రెండున్నర వేలయింది" అన్నాడు.

ఈ బాకీ మా లెక్కలో లేదు. జేబులో ఉన్నది తీసి ఇచ్చి, తక్కువపడిన మొత్తం మర్నాడు పంపుతామని చెప్పాము. అప్పుడు లోపలి గది గుమ్మంలో నుండి ఆయన భార్య మాట్లాడింది. "డబ్బుదేముందండీ. పిల్లల ముందు అన్నారు. పెద్దాడు నెల రోజులు స్నానానికి చెంబుడు నీళ్ళకన్నా పోసుకోలేదు, మళ్ళీ మౌల్వీ గారు తిడతారేమోనని."

ఆ మాటకు మా దగ్గర ఏ జవాబూ లేదు. ఏ గ్రంథంలో వెతకాలో కూడా తెలియలేదు. కొంతసేపటికి, "పిల్లల్ని పిలవండమ్మా" అన్నాము. ఇద్దరూ వచ్చి తండ్రి వెనుక నిలబడ్డారు. పెద్దవాడు ఇప్పుడు ఎనిమిదో తరగతి. వాళ్ళ ముఖాల్లోకి చూస్తూ, "ఆ రోజు మీ నాన్నగారిని అన్న మాట తప్పు. నీళ్ళు మీవి కావు, మావి. మీ నాన్నగారు నిజం చెప్పారు, మేము వినలేదు. మమ్మల్ని క్షమించండి" అన్నాము. నలభై మంది విద్యార్థుల ఎదుట గంటల తరబడి పాఠం చెప్పే మాకు, ఆ నాలుగు ముక్కలు చెప్పేసరికి గొంతు ఆరిపోయింది.

పెద్దవాడు తండ్రి వైపు చూశాడు. చిన్నవాడు మాత్రం, "అయితే సంక్రాంతికి డాబా మీదికి గాలిపటాలు ఎగరేయడానికి రావచ్చా?" అని అడిగాడు. వాళ్ళ తల్లి లోపల నవ్వడం వినిపించింది. ఆమె మమ్మల్ని క్షమించిందో లేదో మేము అడగలేదు. అడిగే హక్కు అప్పటికి మాకు ఉన్నదనిపించలేదు. కాఫీ ఇచ్చింది, తాగి వచ్చాము. మర్నాడు అసర్ తర్వాత వెళ్ళి మిగతా బాకీ చెల్లించాము.

ఇంట్లో కప్పు ఆరింది. మరక మళ్ళీ పైకి తేలకుండా ప్రైమరు కొట్టి, పుట్టీ పెట్టి, నునుపు చేశారు. ఇక మిగిలింది గరుకు పని. మిగతా హాలంతా పాత టెక్స్చర్ ఉండగా, మధ్యలో మంచమంత చోటు నున్నగా, బోడిగా కనిపిస్తోంది. రంగుల అతడు ఒక ప్లైవుడ్ చెక్క మీద నమూనా చేసి చూపాడు. ముద్ద పల్చనైతే ముళ్ళు లేవవు, చిక్కనైతే పెళుసుగా నిలుస్తాయి. నాలుగుసార్లు గీకి, నాలుగుసార్లు పూసి, అయిదోసారి పాతదానికి అచ్చు గుద్దినట్లు తెచ్చాడు. అతుకు అంచులు బొత్తిగా తెలియకుండా కలుపుతానని, కప్పంతా ఒకే రంగు వేస్తే ఏది పాతదో ఏది కొత్తదో తామే పోల్చుకోలేమని హామీ ఇచ్చాడు. అతని పనితనం గొప్పది, అందులో సందేహం లేదు.

మేము శ్రీమతి వైపు చూశాము. ఆమె చెక్కను చేతిలోకి తీసుకొని, వేలితో ఆ ముళ్ళను తడిమి, తిరిగి ఇచ్చేసింది. "వద్దు. అక్కడ నున్నగానే ఉండనీయండి. మళ్ళీ తడి వస్తే మొదటి రోజే కనబడాలి" అన్నది.

అలాగే ఉంచాము. వచ్చినవారు తలెత్తి చూసి, "అక్కడ డిజైన్ వదిలేశారేం?" అని అడుగుతారు. మేము దాచకుండా చెబుతాము. మొన్న మా అల్లుడు వచ్చినప్పుడు అతనికీ చెప్పాము, 2014 నాటి సంగతితో సహా. అతను నవ్వి, "ఆ రోజు హాలంతా కొత్త రంగు వాసన మామయ్యా. ఎందుకా అని మా నాన్నగారు అప్పుడే అనుకున్నారు" అన్నాడు. పదకొండేళ్ళుగా దాచామనుకున్నది వారికి మొదటి రోజే వాసన తగిలింది. వియ్యంకుడు ఒక్కనాడూ మా వద్ద ఆ మాట ఎత్తలేదు. ఎదుటివాని లోపాన్ని కప్పడం ఎంతటి సుగుణమో ఆయన వద్ద నేర్చుకున్నాము. మన లోపాన్ని మనమే కప్పుకుంటే ఏమవుతుందో మా ఇంటి కప్పు నేర్పింది.

ఒక మనవి. ఇంటి కప్పు మీద తడి మరక కనబడితే రంగుల అతణ్ణి పిలవకముందు మేడెక్కి చూడండి. నీళ్ళు పోసి, అవి ఎటు పోతున్నాయో వంగి చూడండి. పెచ్చులు ఊడుతున్న కప్పు కింద పిల్లలను పడుకోబెట్టకండి. పైవారిని, పక్కవారిని ఒక మాట అనేముందు ఒక బకెట్టు నీళ్ళ ఖర్చుకు వెనుకాడకండి.

వజూ కొళాయిలు ఇప్పుడు కింద పెరట్లో ఉన్నాయి. నీరు కొబ్బరిచెట్టు పాదులోకి పోతుంది. పిల్లలు వజూ చేసి మెట్లెక్కి వచ్చేలోగా కాళ్ళకు మట్టి అంటుతోందని వాళ్ళ తల్లులు విసుక్కుంటున్నారు. దానికీ ఒక ఉపాయం చూడాలి. మా మనవరాలికి ఇప్పుడొక తమ్ముడు. ఇద్దరినీ హాలులో, ఆ నున్నని చోటు కిందనే పడుకోబెడుతున్నాము. రాత్రి దీపం ఆర్పేముందు మేము ఒకసారి తలెత్తి చూస్తాము.

మన ఇళ్ళలోని, మన మనసుల్లోని తడిని సకాలంలో చూసుకొనే చూపును, చూసినదాన్ని ఒప్పుకొనే ధైర్యాన్ని అల్లాహ్ మనందరికీ అనుగ్రహించుగాక. ఆమీన్.